నిలువుగా లేచే బానెట్

మూసాపేట మెట్రో స్టేషన్ దిగి మా ఇంటికి నడిచే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. ముందు ఎప్పుడూ రెండు మూడు బండ్లు సగం విప్పి ఉంటాయి. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం అక్కడ పాత బెంజి కారొకటి కనిపించింది. దాని బానెట్ మామూలు కార్లకి లేచినట్టు ఏటవాలుగా కాదు, గోడలాగా నిట్టనిలువుగా లేచి ఉంది. ఉస్తాద్ నడుం దాకా ఇంజన్‌లోకి వంగి, వయసుకి గట్టిపడిన రబ్బరు గొట్టాలు మారుస్తున్నాడు. బానెట్ ఊడొచ్చిందా అని అడిగాను.

"ఊడలే సార్. గట్లనే లేస్తది. పనిచేశెటోని నెత్తికి తాకొద్దని పెట్టిండ్రు."

అది డబ్ల్యూ 124. కంపెనీ తనకోసం పెట్టుకున్న కోడ్ అది. బయట పేరు ఈ-క్లాస్, ఈ 220. మామూలుగా తెరిచే స్థితి ఒకటి, మెకానిక్ కోసం తొంభై డిగ్రీల స్థితి ఇంకొకటి, రెండూ దాని బానెట్‌కి నిజంగానే ఉన్నాయి. కారుని కొనేవాడు ఒక్కసారి కూడా వాడని సౌకర్యం అది. ఎక్కడో స్టుట్‌గార్ట్ దగ్గర కూర్చున్న ఇంజినీరు, ఎప్పటికీ చూడబోని ఒక మెకానిక్ తలకాయ గురించి ఆలోచించాడు. ఆ ఆలోచన ఎక్కడ మొదలైంది, తరవాత ఏమైంది అని వెతుక్కుంటూ పోతే నాకు దొరికింది ఈ కథ.

*

ఈ తరహా కార్లని ఇంగ్లీషువాళ్ళు ఎగ్జిక్యూటివ్ కారు అన్నారు. జర్మన్లు ఈ తరగతిని 'ఓబరె మిట్టెల్‌క్లాసె' అంటారు. మాటకి మాట పెడితే 'ఎగువ మధ్యతరగతి'. సైబరాబాద్‌లో మనలో చాలామంది తామేంటో చెప్పుకోవడానికి తడుముకునే మాట అక్కడ కారుకి పెట్టేశారు! బీఎండబ్ల్యూ 5 సిరీస్, ఆడి 100, దాని వారసుడు ఏ6 కూడా ఈ బాపతే. మహారాజుల బండ్లు కావు, మామూలు సంసారం బండ్లూ కావు. డాక్టరు, లాయరు, ఫ్యాక్టరీ మేనేజరు ఎక్కే బండ్లు.

కానీ ఈ-క్లాస్ విషయంలో ఇంకొకడు కూడా ఉన్నాడు. టాక్సీ డ్రైవర్. అతన్ని వదిలేస్తే ఈ కారు అర్థం కాదు.

కంపెనీ తన వంశవృక్షాన్ని ఇంకా వెనక్కి తీసుకెళ్తుంది గానీ, నేను 1953 నుంచి మొదలుపెడతాను. ఆ ఏడాది వచ్చిన 180 మోడల్‌కి వాడుకలో 'పాంటాన్' అని పేరు. విడి ఛాసీ మీద బాడీ బిగించటం మానేసి, బాడీయే తన బరువు తాను మోసుకునేలా బెంజి చేసిన మొదటి కారు అది. మరుసటేడు డీజిల్ ఇంజన్‌తో వచ్చింది. నలభై హార్స్‌పవర్. ఇవాళ్టి కార్ల పక్కన పెట్టి చూస్తే పెద్ద గొప్పేం కాదు. కానీ తక్కువ తాగేది, ఆగేది కాదు. టాక్సీవాళ్ళకి అంతకంటే ఏం కావాలి?

1961లో తరవాతి తరం, వెనక చిన్న రెక్కలతో. రెక్కలు ఫ్యాషన్ కోసం. అసలు సంగతి లోపల ఉంది. బేలా బారెన్యీ అనే ఇంజినీరు, గుద్దుకున్నప్పుడు కారు ముందూ వెనకా నలిగిపోవాలి, మనుషులు కూర్చునే గది మాత్రం నలగకూడదు అని పేటెంటు తీసుకున్నాడు. 1959లో పెద్ద మోడల్‌లో వచ్చిన ఆ ఆలోచన రెండేళ్ళలో ఈ వరసకి దిగింది. అప్పటిదాకా గట్టి కారంటే ఎక్కడా నలగని కారు. ఇక్కణ్ణుంచి, ఎక్కడ నలగాలో తెలిసిన కారు.

1968లో వచ్చిన డబ్ల్యూ 114, 115 జంట సుమారు 19 లక్షలు అమ్ముడైంది. వాటిలో ఒకదాని గురించి చెప్పాలి. గ్రెగోరియోస్ సాఖినిడిస్ అనే గ్రీకు టాక్సీ డ్రైవరు 1976 మోడల్ 240 డీజిల్‌ని 46 లక్షల కిలోమీటర్లు నడిపాడు. భూమి నుంచి చంద్రుడికి వెళ్ళి రావటం ఆరుసార్లు లెక్క. 2004లో ఆ బండిని కంపెనీయే తీసుకుని తన మ్యూజియంలో పెట్టుకుంది. ఆ కిలోమీటర్లు కంపెనీ ఒక్కటే సాధించినవి కావు. బండిని విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించి రోడ్డెక్కించిన చేతులు కూడా అందులో ఉన్నాయి. విప్పటానికి వీలుగా కట్టారు కాబట్టి ఆ చేతులకి పని దొరికింది.

1976లో డబ్ల్యూ 123. సుమారు 27 లక్షల కార్లు. 1980లో ఏబీఎస్, 1982లో డ్రైవర్‌కి ఎయిర్‌బ్యాగ్ ఈ తరంలోనే, అదనపు డబ్బు కట్టినవాళ్ళకి, అందాయి. యూరప్‌లో టాక్సీగా అరిగిపోయాక ఆఫ్రికాకి, పశ్చిమాసియాకి వెళ్ళి అక్కడ రెండో జన్మ, మూడో జన్మ ఎత్తింది.

ఇక 1984 చివర్లో మన షెడ్డులోది. ఇటలీలో పుట్టిన బ్రూనో సాక్కో డిజైన్ అధిపతిగా ఉన్న రోజులు. గాలిని కోసే తీరులో అప్పటికి మేటి కార్లలో ఒకటి. ఒకే ఒక్క వైపర్. మూలల్లోకి వెళ్ళేటప్పుడు చెయ్యి చాచినట్టు పైకి సాగి అద్దంలో 86 శాతం తుడుస్తుంది. వెనక ఒక్కో చక్రాన్ని అయిదు కడ్డీలు పట్టుకుని ఉంటాయి. ఇవన్నీ యంత్రాలు. చూస్తే కనిపిస్తాయి. తిప్పితే తిరుగుతాయి. తప్పేదో తెలుసుకోవటానికి ఎలక్ట్రానిక్స్ ఉన్నచోట కూడా, సాకెట్‌కి ఒక చిన్న లైటు తగిలించి అది ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెడితే ఆ లెక్కే తప్పు నంబరు. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన ప్రతివాడికీ కారు తన జబ్బు చెప్పుకునేది.

ఈ-క్లాస్ అన్న పేరు 1993లో ఈ కారుకే మొదట వచ్చింది. అంతకుముందు నంబరు వెనకుండే 'ఈ' అంటే 'ఐన్‌స్ప్రిట్జుంగ్', ఇంధనాన్ని ఇంజెక్టరుతో చిమ్మే పద్ధతి. అన్ని కార్లకీ ఆ పద్ధతి వచ్చేశాక అక్షరానికి అర్థం పోయింది. అర్థం పోయిన అక్షరాన్ని తీసుకొచ్చి ముందు పెట్టి పేరు చేశారు.

*

మన దగ్గరికి ఈ పేరు కారుగా రాలేదు, లారీగా వచ్చింది. 1954లో టెల్కో, డైమ్లర్-బెంజ్ పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టాయి. 1969లో ఒప్పందం అయిపోయింది, ముఖం మీది మూడు మొనల నక్షత్రం పోయింది. మాట మాత్రం పోలేదు. మా నాన్న ఇప్పటికీ 'టాటా బెంజి' అనే అంటాడు. విజయవాడ బెంజ్ సర్కిల్‌కి ఆ పేరు అక్కడ ఒకప్పుడుండే బెంజి లారీల కంపెనీ వల్లే వచ్చిందని మా పెద్దవాళ్ళ మాట. మూసాపేట మీంచి పోయే ముంబై హైవే మీద జహీరాబాద్‌లో 'ఆల్విన్ నిస్సాన్' చిన్న లారీలు తయారయ్యేవి. వాటి తల్లి కంపెనీ హైదరాబాద్ ఆల్విన్ మాకు పక్కనే, సనత్‌నగర్ వైపు. బయటి దేశపు బండిని ఇక్కడ విప్పి బిగించటం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు.

1993లో కార్ల తయారీకి లైసెన్సు అడ్డం తొలగింది. 1994లో బెంజ్ ఇండియా ఏర్పడింది. 1995లో పుణె నుంచి మొదటి ఈ-క్లాస్ బయటికొచ్చింది, డబ్ల్యూ 124. సరిగ్గా అదే ఏడాది జర్మనీలో దాని వారసుడు వచ్చేశాడు. అంటే అక్కడ వీడ్కోలు చెబుతున్న బండికి మనం ఇక్కడ కొబ్బరికాయ కొట్టాం. అప్పుడు కొంతమంది దీన్ని చిన్నచూపుగా తీసుకున్నారు. ఇప్పుడు చూస్తే, పాత పద్ధతిలో ఆలోచించి కట్టిన ఆఖరి తరం మనకి దక్కింది.

అయితే బండి మారకపోయినా సీటు మారింది. జర్మనీలో డాక్టరు తనే నడుపుకుంటాడు, టాక్సీవాడు ఎలాగూ నడుపుతాడు. మన దగ్గర ఓనరు వెనక కూర్చున్నాడు. నడిపేది ఒకరు, బాగుచేసేది ఒకరు, ఎక్కేది ఒకరు. బండి గురించి తెలిసిన ఇద్దరికీ అది సొంతం కాదు, సొంతమైనవాడికి దాని గురించి తెలియదు. ఈ ఏర్పాటు తరవాతి తరాలకి బాగా పనికొచ్చింది.

*

డబ్ల్యూ 210, 1995. నాలుగు గుండ్రటి కళ్ళ ముఖం. చూడ్డానికి కొత్తగా ఉంది, డిజైన్ బహుమతులు తెచ్చుకుంది. లోపల మాత్రం లెక్క మారింది. పాత పద్ధతిలో ఇంజినీర్లు కారు కట్టేవాళ్ళు, ఎంతయిందో చూసి, పైన లాభం వేసుకుని ధర చెప్పేవాళ్ళు. 1989లో జపాన్ నుంచి లెక్సస్ వచ్చి అమెరికాలో చాలా తక్కువ ధరకి అంతటి నాణ్యత చూపించేసరికి ఆ పద్ధతి కుదేలయ్యింది. ఇక ముందు ధర, దాన్నిబట్టి ఖర్చు, ఖర్చుని బట్టి కారు.

ఇందులో తప్పేమీ లేదనిపిస్తుంది. మనం ప్రతి ప్రాజెక్టులో చేసేది ఇదే కదా. కానీ ఈ తరం కార్లకి ఫెండర్ల అంచుల్లో, తలుపుల కింద తుప్పు పట్టింది. యూరప్‌లో ఉప్పు చల్లిన చలికాలపు రోడ్ల మీద మరీనూ. 46 లక్షల కిలోమీటర్ల వంశంలో తుప్పు! పాత తరమూ మచ్చ లేనిదేం కాదు. డబ్ల్యూ 124 ఆఖరి మూడు నాలుగేళ్ళ బండ్లలో పర్యావరణానికి మంచిదని వాడిన వైరింగు తొడుగు ఇంజన్ వేడికి పొడిపొడిగా రాలిపోయేది. తేడా ఒక్కటే. తుప్పు గానీ రాలిన తొడుగు గానీ కంటికి కనిపిస్తాయి. మెకానిక్ చూసి, ఏమైందో ఓనరుకి చూపించి, మార్చగలడు.

కంటికి కనిపించని జబ్బు తరవాతి తరంతో వచ్చింది. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే కారు అదే. 2002, డబ్ల్యూ 211.

దీని బ్రేకుకి 'సెన్సోట్రానిక్ బ్రేక్ కంట్రోల్' అని పేరు, పొట్టిగా ఎస్‌బీసీ. బాష్ కంపెనీతో కలిసి చేసింది. మామూలు కారులో మన కాలి బలమే (దానికి కొంత సాయం తోడై) నూనె ద్వారా చక్రాల దాకా వెళ్తుంది. ఇందులో మన కాలు పెడల్‌కి ఒక కోరిక మాత్రమే చెబుతుంది. సెన్సర్లు ఆ కోరిక చదువుతాయి, కంప్యూటర్ లెక్కేస్తుంది, ముందే పీడనంతో నింపి పెట్టుకున్న నూనెని ఒక్కో చక్రానికి ఎంత కావాలో అంత పంపుతుంది. చాలా తెలివైన ఏర్పాటు. వానలో బ్రేకు డిస్కుల మీద తడిని అప్పుడప్పుడూ తుడిచేది. యాక్సిలరేటర్ మీంచి కాలు గబుక్కున తీస్తే, వీడు బ్రేకు వెయ్యబోతున్నాడని ముందే సిద్ధమయ్యేది. సాఫ్ట్‌వేర్ మనిషిగా నాకది ముచ్చటేస్తుంది.

మరి అది పనిచెయ్యకపోతే? కాలికీ ముందు చక్రాలకీ మధ్య పాత పద్ధతి నూనె దారి ఒకటి ఉంచారు. కానీ అప్పుడు పెడల్ చాలా లోపలికి వెళ్తుంది, చాలా గట్టిగా తొక్కాలి. బ్రేకు అంటే ఇంతే అని పాతికేళ్ళుగా కాలికి అలవాటైన మనిషికి ఆ ఒక్క క్షణంలో బ్రేకు లేనట్టే అనిపిస్తుంది. 2004 మేలో 6,80,000 బండ్లని కంపెనీ ఈ బ్రేకు కోసం వెనక్కి పిలిచింది. 2005 మార్చిలో రకరకాల ఎలక్ట్రానిక్ లోపాల కోసం 13 లక్షల కార్లని పిలిచింది. ఆ జాబితాలోనూ ఈ బ్రేకు ఉంది. 2006లో ఈ-క్లాస్‌కి మెరుగులు దిద్దినప్పుడు ఎస్‌బీసీని చప్పుడు లేకుండా తీసేసి మామూలు బ్రేకు పెట్టారు.

ఒక వివరం నన్ను వదల్లేదు. ఆ బ్రేకు యూనిట్‌లో ఒక కౌంటరు ఉంది. మనం ఎన్నిసార్లు తొక్కామో అది లెక్కపెట్టుకుంటుంది. లెక్క ఒక హద్దుకి చేరితే, యూనిట్ బాగానే పనిచేస్తున్నా సరే, మార్చమని హెచ్చరిక వెలుగుతుంది. అందులో ఒక న్యాయం ఉంది. ప్రాణాల మీదికొచ్చే భాగం పాడయ్యేదాకా ఎందుకు ఆగాలి? అయినా చిన్న లైటు మినుకుల్ని మనిషి లెక్కపెట్టే కాలం నుంచి, మనిషి కాలి అదుముల్ని బండి లెక్కపెట్టే కాలానికి ఒక్క తరం మధ్యలో వచ్చేశాం.

*

తరవాతి తరాలు గబగబా చెప్పొచ్చు. 2009లో డబ్ల్యూ 212, దెబ్బతిన్న పేరుని మళ్ళీ నిలబెట్టుకోవటానికి చేసిన బండి. డ్రైవరు కునికిపాట్లు పడుతున్నాడేమో స్టీరింగు తిప్పే తీరుని బట్టి కనిపెట్టేది. 2016లో డబ్ల్యూ 213, డ్యాష్‌బోర్డు మీద పన్నెండంగుళాలు దాటిన తెరలు రెండు, హైవే మీద కొంతసేపు తనే నడుపుకునే తెలివి. 2017 ఫిబ్రవరిలో దాని పొడుగు రూపం చాకన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. రెండు చక్రాల మధ్య దూరం 140 మిల్లీమీటర్లు పెంచారు. స్టీరింగు కుడివైపున్న పొడుగు ఈ-క్లాస్ ప్రపంచంలో మొదట తయారైంది మన దగ్గరే. పెంచిన ప్రతి మిల్లీమీటరూ వెనక సీటుకి. టాక్సీ డ్రైవరు నడుముని, మెకానిక్ తలని లెక్కలోకి తీసుకున్న వంశం ఇప్పుడు ఓనరు మోకాళ్ళని లెక్కలోకి తీసుకుంటోంది. తప్పని అనను. ఎవరి కోసం కడుతున్నామో కొలతల్లో తెలిసిపోతుంది, అంతే.

డీజిల్ సంగతి కూడా ఒక మాట. ఈ వంశానికి పేరు తెచ్చింది డీజిలే. 2020లో, డీజిల్ కార్లలో పొగని నియంత్రించే సాఫ్ట్‌వేర్ విషయమై డైమ్లర్ అమెరికా అధికారులతో సుమారు 150 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకుంది. టెస్టు బెంచి మీద ఒకలాగా, రోడ్డు మీద ఒకలాగా అన్నది ఆరోపణ. పాత డీజిల్ పొగ నల్లగా కళ్ళముందే కనిపించేది. ఇది కోడ్ లోపల ఉంది, ఏ మెకానిక్ ముక్కుకీ అందదు.

2023లో డబ్ల్యూ 214. మరుసటేడు మనకీ వచ్చింది, పొడుగు రూపంలోనే. డ్యాష్‌బోర్డులో ఆటలు, వీడియో మీటింగులు, బయటి కంపెనీల యాప్‌లు. కారు కొన్నాక కూడా కంపెనీ దాన్ని గాలిలోంచి మారుస్తూ ఉండగలదు.

*

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. బెంజి సాఫ్ట్‌వేర్‌లో చాలాభాగం బెంగళూరులో తయారవుతుంది, 1996 నుంచీ అక్కడ వాళ్ళ కేంద్రం ఉంది. హైదరాబాద్ కూడా ఏం తక్కువ కాదు. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం ఇక్కడుంది, గేర్‌బాక్సులూ స్టీరింగులూ చేసే జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ 2017లో ఇక్కడ కేంద్రం తెరిచింది. ఇలాంటి పనే చేసే వేరే చోట, పేరు అనవసరం, నేను కొన్నేళ్ళు టెస్టులు రాశాను.

నేను టెస్టు చేసిన ముక్కని 'సెక్యూరిటీ యాక్సెస్' అంటాం. గ్యారేజీలోని పరికరం కారులోని కంట్రోలర్‌ని లోపలికి రానివ్వమని అడుగుతుంది. కంట్రోలర్ ఏదో ఒక సంఖ్య ఇస్తుంది, దాని పేరు సీడ్. పరికరం ఆ సీడ్‌ని ఒక రహస్య లెక్కలో వేసి, వచ్చిన జవాబుని పంపాలి, దాని పేరు కీ. సరిపోతే తలుపు తెరుచుకుంటుంది. కొన్నిసార్లు తప్పు చెబితే కంట్రోలర్ కాసేపు మాట్లాడటమే మానేస్తుంది. 'తప్పు కీ ఇస్తే తెరుచుకోకూడదు' అన్నది నా టెస్టు. పచ్చ రంగు వస్తే పాసైనట్టు. ఆ తప్పు కీ ఎవరు ఇస్తారని నేను ఏనాడూ ఊహించుకోలేదు. దొంగ అనుకున్నాను.

తాళం అక్కర్లేదని కాదు. స్టీరింగుకీ బ్రేకుకీ ఆజ్ఞలిచ్చే కంప్యూటర్‌ని ఎవరంటే వాళ్ళు తెరవగలిగితే ప్రమాదం. ప్రాణాలు కాపాడటంలో పాత డబ్ల్యూ 124 కొత్త ఈ-క్లాస్‌కి కాలిగోటికి సరిపోదు. అది ఈ సాఫ్ట్‌వేర్ పుణ్యమే. కానీ తాళం ఉండటం వేరు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది వేరు. 2014 ఆగస్టులో మన కాంపిటీషన్ కమిషన్, విడిభాగాలూ జబ్బు కనిపెట్టే పరికరాలూ బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారని 14 కార్ల కంపెనీల మీద మొత్తం 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది. బెంజి సహా మనం రోజూ రోడ్డు మీద చూసే పేర్లే చాలావరకు అందులో ఉన్నాయి. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ 'రిపేరు హక్కు' మీద కమిటీ వేసింది, కార్లు కూడా దాని పరిధిలో ఉన్నాయి. అంటే ప్రశ్న నా ఒక్కడిదీ కాదు, ఉస్తాద్ ఒక్కడిదీ కాదు.

*

రబ్బరు గొట్టాల పని అయిపోయాక ఆ బెంజి వెళ్ళిపోయింది. రెండు వారాల తరవాత అదే షెడ్డు ముందు ఇంకో కారు, వేరే కంపెనీది, మూడేళ్ళది. పని బ్రేకు ప్యాడ్లు మార్చటం. గంటలో అయ్యే పని. కానీ దాని హ్యాండ్‌బ్రేకు ఎలక్ట్రానిక్. వెనక ప్యాడ్లు తియ్యాలంటే ముందు కంప్యూటర్‌తో చెప్పించి దాన్ని సర్వీసు స్థితిలో పెట్టాలి. ల్యాప్‌టాప్ ఉన్న కుర్రాడు ఎవరో బాలానగర్ నుంచి రావాలి. ఉస్తాద్ టైరు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది బ్రేకులు జేస్తున్న సార్. ఇప్పుడు దానితోని పర్మిషన్ దీస్కోవాలె."

ఆ కుర్రాడి ల్యాప్‌టాప్‌కీ కారుకీ మధ్య ఏ మాట తరవాత ఏ మాట నడుస్తుందో నాకు తెలుసు. చాలా ఏళ్ళు ఆ సంభాషణనే చదివాను. ఆ పక్కన నిలబడి చదివాను కాబట్టి ఈ పక్కన ఒక మనిషి చాయ్ తాగుతూ ఎదురుచూస్తాడని తోచలేదు. ఆ జర్మన్ ఇంజినీరు కూడా ఉస్తాద్‌ని చూడలేదు. అయినా అతని తల ఎక్కడుంటుందో ఊహించాడు.

"నువ్వేం పని జేస్తవ్ సార్?" అని అడిగాడు ఉస్తాద్.

"సాఫ్ట్‌వేర్."

"అందరు గదే," అని నవ్వి, నాకూ ఒక చాయ్ చెప్పాడు.

దేని సాఫ్ట్‌వేరని అడగలేదు. అడిగితే చెప్పాలని కాసేపు అక్కడే నిలబడ్డాను.